1560 శాట్ ఉన్నా సీటు ఎందుకు రాలేదు? అమెరికా పెద్ద కాలేజీల్లో ఫైలు చదివే తీరు

ముందు ప్రశ్న క్లుప్తంగా. డాలస్ దగ్గర ఉండే కుటుంబం. అబ్బాయికి శాట్ 1600కి 1560, జీపీఏ 4.0, పదమూడు ఏపీలు (హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు), తొమ్మిదేళ్ల మృదంగం, రోబోటిక్స్, సొంతంగా పెట్టిన ఒక నాన్‌ప్రాఫిట్. పద్నాలుగు చోట్ల అప్లై చేస్తే పదకొండు చోట్ల కాదన్నారు, రెండు చోట్ల వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు. సొంత రాష్ట్రం యూనివర్సిటీలో సీటొచ్చింది గానీ కంప్యూటర్ సైన్స్ రాలేదు. "తెలిసినవాళ్ల అమ్మాయికి 1490కే వచ్చింది, అసలు వీళ్ల లెక్కేంటి?" అని అడిగారు. వెయిట్‌లిస్ట్ నుంచి సీటు ఇప్పిస్తానంటున్న కన్సల్టెంట్‌కి డబ్బు కట్టాలా వద్దా అన్నది రెండో ప్రశ్న.

మనందరి బుర్రలో ఎంసెట్ కౌన్సెలింగ్ ఉంటుంది. ర్యాంకుల వరుసలో పిలుస్తారు, సీట్లు అయిపోయిన చోట గీత పడుతుంది. గీతకి అవతల ఉన్నవాడికి ఎందుకు రాలేదో ఎవరూ చెప్పక్కర్లేదు. అమెరికా ప్రైవేట్ కాలేజీల్లో ఆ గీత ఎక్కడా ఉండదు. 1490కీ 1560కీ మధ్య ఏం జరిగిందని ఎంత వెతికినా దొరకదు. ఆ ఇద్దరూ అసలు ఒకే వరుసలో నిలబడలేదు.

లోపల ఏం జరుగుతుందో ఒకప్పుడు ఊహాగానాలే. ఏషియన్ పిల్లల పట్ల వివక్ష చూపుతోందని హార్వర్డ్ మీద వేసిన కేసు 2018లో బోస్టన్ కోర్టులో విచారణకి రావడంతో లోపలి కాగితాలు బయటపడ్డాయి. 2015లో చేరిన బ్యాచ్ కోసం అమెరికా లోపలి నుంచే సుమారు 26,000 మంది అప్లై చేశారు. వాళ్లలో 8,000 మందికి పైగా పర్‌ఫెక్ట్ జీపీఏ. 3,400 మందికి శాట్ మ్యాథ్‌లో 800కి 800. వెర్బల్‌లో 800 వచ్చినవాళ్లు 2,700. క్లాసులో చోటు 1,600 మందికి. మీ అబ్బాయి మార్కులు ఫైలుని చెత్తబుట్టలో పడకుండా కాపాడతాయి, అక్కడితో వాటి పని అయిపోతుంది. 1560ని 1590 చేయడానికి మూడోసారి శాట్ రాయించే సమ్మర్ దాదాపు దండగ.

ఫైలు మొదట వెళ్లేది మీ ప్రాంతం చూసే ఆఫీసర్ దగ్గరికి. హార్వర్డ్‌లో దేశాల్నీ రాష్ట్రాల్నీ సుమారు 20 డాకెట్లుగా, అంటే ప్రాంతాల వారీ కట్టలుగా, విడగొడతారు. ఆ ఆఫీసర్‌కి మీ ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్) తెలుసు, మీ హైస్కూల్ తెలుసు, గతేడాది అక్కడి నుంచి ఎవరు వచ్చారో తెలుసు. స్కూల్ కౌన్సెలర్ పంపే కాగితాల్లో స్కూల్ ప్రొఫైల్ అని రెండు మూడు పేజీలు ఉంటాయి. స్కూల్లో ఎన్ని ఏపీలు ఉన్నాయి, గ్రేడ్లు ఎలా పంచారు, పిల్లలు ఏ కాలేజీలకి వెళ్లారు, అన్నీ అందులోనే. ముప్పై ఏపీలు దొరికే స్కూల్లో పదమూడంటే మామూలు సంగతి. ఆరే ఉన్న పల్లెటూరి స్కూల్లో ఆరూ తీసుకున్న పిల్ల ఆ కాగితం మీద మీవాడికంటే పైన కనిపిస్తుంది. చాలా కాలేజీల్లో ఒకే స్కూల్ ఫైళ్లు ఒకదాని పక్కన ఒకటి చదువుతారు. మీ స్కూల్ నుంచి అదే కాలేజీకి అప్లై చేసిన ఇరవై మందిలో పది మంది రోబోటిక్స్, కంప్యూటర్ సైన్స్, నాన్‌ప్రాఫిట్ పిల్లలే అయితే, పోటీ ముందు ఆ పది మందితోనే.

చదివిన ఆఫీసర్ అంకెలు వేస్తాడు. హార్వర్డ్ పద్ధతిలో 1 అన్నిటికంటే మేలు, 6 అన్నిటికంటే కింద, మధ్యలో ప్లస్సులూ మైనస్‌లూ. చదువుకి ఒకటి, స్కూల్ బయటి పనులకి ఒకటి, ఆటలకి ఒకటి, వ్యక్తిత్వానికి ఒకటి, టీచర్ల ఉత్తరాలకి విడిగా, చివర మొత్తానికి ఒకటి. చదువులో 2 అంటే గ్రేడ్లు అద్భుతం, శాట్‌లో ఒక్కో సెక్షన్ 700ల నడుమ నుంచి పైకి. మీవాడు నిస్సందేహంగా ఇక్కడే. 1 పడాలంటే మార్కులు చాలవు. కాలేజీ ప్రొఫెసర్లే చూసి బాగుందనే సొంత పని ఉండాలి. బయటి పనుల్లో 1 అంటే జాతీయ స్థాయి. 2 అంటే స్కూల్లో ప్రెసిడెంట్, పత్రికకి ఎడిటర్, లేదా ఆ ప్రాంతంలో గుర్తింపు. అన్నిట్లో పాల్గొని ఎక్కడా ప్రత్యేకంగా కనబడకపోతే 3. మన పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది ఈ 3 దగ్గరే, పైగా అది 3 అని ఇంట్లో ఎవరికీ తెలియదు.

వ్యక్తిత్వం అంకె మీదే కోర్టులో పెద్ద గొడవ నడిచింది. ఏషియన్ పిల్లలకి అది సగటున తక్కువ పడుతోందని లెక్కలతో చూపించారు. ఉద్దేశపూర్వక వివక్ష లేదని 2019లో కింది కోర్టు అంది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పుని తిరగేసి జాతిని లెక్కలోకి తీసుకోవడమే ఆపించింది. మన వాట్సాప్ గ్రూపుల్లో "ఇక మన పిల్లలకి అడ్డు లేదు" అని పండగ చేసుకున్నారు. తీర్పు తాకని సంగతి ఒకటి ఉంది. అదే కేసు కాగితాల ప్రకారం కోచ్‌లు ఎంచుకున్న ఆటగాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలు, డీన్ ప్రత్యేక జాబితాలో ఉన్నవాళ్లు (దాతల కుటుంబాలు ఇందులోనే), ప్రొఫెసర్ల పిల్లలు అందరూ కలిపి అప్లై చేసినవాళ్లలో 5% కూడా లేరు. సీట్లు వచ్చినవాళ్లలో మాత్రం దాదాపు 30%. ఆటగాళ్ల సంగతి ఇంకా వింత: అప్లికేషన్లలో 1% లోపు, అడ్మిట్లలో 10%కి పైగా. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఒక్కటే అనుకోకండి. స్క్వాష్, ఫెన్సింగ్, పడవ పందేలు కూడా అందులోవే. ఆ 1490 అమ్మాయి ఏ దారిన వెళ్లిందో నాకు తెలియదు గానీ, ఆ దారులు ఉన్నాయి.

కమిటీలో ఒక్కో ఫైలు మీద ఓటు వేస్తారు. చివర్లో అడ్మిట్లు లెక్కకి మించి ఉంటే కొందరిని తీసేయాలి. ఆ దశలో తిరిగిన కాగితాన్ని హార్వర్డ్‌లో "లాప్ లిస్ట్" అన్నారు, అంటే కొమ్మలు నరికే జాబితా. అందులో ఒక్కో పేరు పక్కన ఉన్నవి నాలుగే గడులు: తల్లిదండ్రులు ఇక్కడే చదివారా, కోచ్ అడిగిన ఆటగాడా, ఆర్థిక సాయం కావాలా, జాతి ఏది. వ్యాసం లేదు, మార్కులు లేవు, మృదంగం లేదు. ఇప్పుడు నాలుగో గడిని కోర్టు కొట్టేసింది.

అప్పుడు మామూలు పిల్లవాడిని ఎలా తీసుకుంటారు? ఏడాదికి ఒక క్లాసుని కట్టుకుంటారు. ఆర్కెస్ట్రాలో ఓబో వాయించే పిల్ల వెళ్లిపోతోంది, లాటిన్ డిపార్ట్‌మెంట్‌లో పిల్లలు లేరు, మోంటానా నుంచి ఎవరూ లేరు, ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం ఇంతమంది కావాలి. ఆఫీసుల్లో దీన్ని ఇన్‌స్టిట్యూషనల్ ప్రయారిటీస్ అంటారు. ఏ ఏడాది ఏం కావాలో బయటికి చెప్పరు. చేతిలో లేనిదాని గురించి మథనపడటం వల్ల ఒరిగేదేం లేదు.

చేతిలో ఉన్నది, మనవాళ్లు ఎక్కువగా పాడుచేసుకునేది ఒకటుంది. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి ఒకే ఫారంతో అప్లై చేసే చోటు) పనుల జాబితాకి పది గడులు. ఒక్కో దాని వివరణకి 150 అక్షరాలు, ఖాళీలతో కలిపి. అందులో సాధారణంగా కనిపించే వాక్యం: "ఫౌండర్ అండ్ సీఈఓ. పేద పిల్లలకి స్టెమ్ విద్య. 3 దేశాల్లో 500 మంది జీవితాలపై ప్రభావం." ఆ రోజు అది చదివే మనిషి అలాంటివి అప్పటికే ఎన్నో చూసి ఉంటాడు. పదకొండో తరగతి ఎండాకాలంలో పుట్టి పన్నెండో తరగతి డిసెంబర్‌లో ఆగిపోయే నాన్‌ప్రాఫిట్‌ని ఇట్టే పట్టేస్తారు. ఎన్ని గ్రేడ్ల నుంచి చేస్తున్నావు, వారానికి ఎన్ని గంటలు అన్న గడులు పక్కనే ఉంటాయి మరి. దాని బదులు "శనివారాలు లైబ్రరీలో 4వ తరగతి పిల్లలు ఆరుగురికి భిన్నాలు నేర్పాను. రెండేళ్లు. నలుగురు చివరిదాకా వచ్చారు." చిన్నదే, నిజమే, నమ్మొచ్చు.

మృదంగం సంగతీ అంతే. "కర్ణాటక సంగీతం, 9 ఏళ్లు" అని వదిలేస్తే ఒహాయోలో పుట్టి పెరిగిన ఆఫీసర్‌కి ఏం అర్థం కావాలి? రెండున్నర గంటల కచేరీకి పక్కవాద్యం వాయించాడా, తని ఆవర్తనం ఎన్ని నిమిషాలు, కచేరీకి ముందు రోజుకి ఎంతసేపు సాధన, ఎవరికైనా నేర్పుతున్నాడా, అవి చెప్పాలి. కూచిపూడి రంగప్రవేశం చేసిన అమ్మాయిలూ ఇదే తప్పు చేస్తారు: హాల్ ఖర్చు కనబడేలా ఫొటోలుంటాయి, ఒంటరిగా రెండు గంటలు వేదిక మీద నిలబడిన శ్రమ ఒక్క ముక్క ఉండదు. వీలైతే గురువుగారి దగ్గర అదనపు ఉత్తరం తీసుకోండి, కాలేజీ అనుమతిస్తేనే.

టీచర్ ఉత్తరాల్లో ఎక్కువ జరిగే పొరపాటు, ఏ ప్లస్ వచ్చిన సబ్జెక్ట్ టీచర్‌ని అడగడం. పిల్లవాడు క్లాసులో ఏం ప్రశ్న అడిగాడో గుర్తుపెట్టుకున్న పదకొండో తరగతి టీచర్ కావాలి, బీ ప్లస్ ఇచ్చినవారైనా సరే. "కష్టపడతాడు, మర్యాదస్తుడు, హోమ్‌వర్క్ మానడు" అన్న ఉత్తరం పొగడ్తే గానీ, అంకెల్లో 3 దాటదు.

కంప్యూటర్ సైన్స్ గురించి విడిగా చెప్పాలి. కొన్నిచోట్ల కాలేజీకి సీటు వేరు, మేజర్‌కి (ప్రధాన సబ్జెక్ట్‌కి) సీటు వేరు. ఇల్లినాయ్ అర్బానా, కార్నెగీ మెలన్, యూటీ ఆస్టిన్ అలాంటివే. టెక్సస్‌లో క్లాసులో పైనున్న పిల్లలకి యూటీ ఆస్టిన్‌లో ఆటోమేటిక్ అడ్మిషన్ ఉంది. ఆ హద్దు 6% ఉండేది, 2026 ఫాల్‌లో చేరేవాళ్లకి 5%కి దించారు. అది యూనివర్సిటీలోకి మాత్రమే, కంప్యూటర్ సైన్స్‌లోకి కాదు. మేజర్‌కి మళ్లీ ఫైలు చదువుతారు. "ఫిలాసఫీ అని పెట్టి లోపలికెళ్లి మారిపోదాం" అన్న చిట్కా ఇలాంటి చోట్ల పనిచేయదు: మారడం కష్టం, పైగా ఐదు కంప్యూటర్, మ్యాథ్ కోర్సులు తప్ప తత్వశాస్త్రం వాసన లేని ట్రాన్‌స్క్రిప్ట్ చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

ఇక ప్రతిష్ఠ సంగతి. కాలేజీలకి ర్యాంకులిచ్చే యూఎస్ న్యూస్ పత్రిక మొదటి ర్యాంకింగ్ 1983లో వచ్చింది. అప్పటి నుంచి యూనివర్సిటీ ప్రెసిడెంట్లు దాన్ని చూసుకునే నడుస్తున్నారు. మనవాళ్లు ఎంఎస్‌కి తెగ వెళ్లే నార్త్‌ఈస్టర్న్ 1996లో 162వ స్థానంలో ఉండేది. అప్పుడొచ్చిన ప్రెసిడెంట్ రిచర్డ్ ఫ్రీలాండ్ మొదటి వందలోకి చేరడమే పనిగా పెట్టుకుని, ర్యాంకింగ్ సూత్రాన్ని విడదీసి చూశాడు. 20 మంది లోపు ఉన్న క్లాసులకి పాయింట్లు ఉన్నాయని, చాలా క్లాసుల్ని 19 దగ్గర ఆపారు. 2006లో 98వ స్థానం వచ్చింది. అందులో మోసం లేదు, పరీక్షలో ఏ ప్రశ్నకి ఎన్ని మార్కులో చూసి చదవడమే. కొలంబియా సంగతి వేరు. తమ క్లాసుల్లో 82.5% ఇరవై లోపువే అని చెప్పుకుంది. అక్కడి మ్యాథ్ ప్రొఫెసరే మైకేల్ థాడియస్ 2022 ఫిబ్రవరిలో కోర్సుల జాబితాలు కూడి చూస్తే అది 63 నుంచి 67% మధ్య తేలింది. ఆ సెప్టెంబర్‌లో 2వ ర్యాంకు కాస్తా 18 అయింది. క్లాసు సైజుని 2023లో యూఎస్ న్యూస్ సూత్రంలోంచే తీసేసింది.

ఎంతమందిని కాదన్నారో ఆ శాతాన్ని 2018లోనే లెక్కలోంచి తీసేశారు. అయినా కాలేజీలు దాన్ని వదల్లేదు, ఎందుకంటే తల్లిదండ్రులు వదల్లేదు. యూనివర్సిటీ ఆఫ్ షికాగో 2005 ప్రాంతంలో అప్లై చేసినవాళ్లలో దాదాపు 40% మందిని తీసుకునేది. ఇప్పుడు 5% లోపు. అక్కడి ఎకనామిక్స్ అప్పుడూ గొప్పే. మారింది అప్లికేషన్ల సంఖ్య. మీ ఇంటికొచ్చిన రంగుల బ్రోషర్లు అందులో భాగం: శాట్, పీశాట్ రాసిన పిల్లల పేర్లని ఆ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డ్ కాలేజీలకి అమ్ముతూ వచ్చింది, 2019లో ఒక్కో పేరు 47 సెంట్లు. "మావాడిని వాళ్లే పిలిచారు" అని మురిసిపోయే ఇళ్లు చాలా ఉన్నాయి. పిలిచినంత మాత్రాన తీసుకోవాలని లేదు. అప్లై చేస్తే హారంలో ఒకటి కలుస్తుంది, ఫీజు ఎలాగూ వస్తుంది.

అడ్మిట్ శాతం తగ్గించే రెండో మీట ఎర్లీ డెసిషన్ (ఈడీ): ముందుగానే ఒక్క కాలేజీకి వేసి, సీటొస్తే చేరి తీరతామని ఒప్పుకోవడం. లెక్క వేసి చూడండి. 1,000 సీట్లు, 30,000 అప్లికేషన్లు, అడ్మిట్ ఇచ్చినవాళ్లలో వందకి 35 మంది చేరతారు అనుకుందాం. సీట్లు నిండాలంటే సుమారు 2,860 మందికి అడ్మిట్ ఇవ్వాలి, అంటే 9.5%. అదే 500 సీట్లు ఈడీతో నింపితే, వాళ్లు చేరి తీరాలి కాబట్టి, మిగతా 500 కోసం 1,430 మందికి ఇస్తే చాలు. మొత్తం 1,930, అంటే 6.4%. కాలేజీలో ఒక్క ఇటుక కదల్లేదు, పేపర్లో మాత్రం "ఈ ఏడాది మరింత కఠినం". మిగిలినవాళ్లకి మార్చిలో దొరికేది సగం క్లాసే. నవంబర్ 1కి ఈడీ వేయకుండా పద్నాలుగూ జనవరిలో రెగ్యులర్‌గా వేసి ఉంటే, మీవాడి ఫలితంలో సగం కారణం అదే కావచ్చు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, స్టాన్‌ఫర్డ్, ఎంఐటీల్లో ఈ కట్టుబాటు ఉండదు, అక్కడివి ఎర్లీ యాక్షన్ రకాలు.

రెండో పిల్ల ఉంటే ఈ పని చేయండి. కాలేజీ పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని వెతికితే కాలేజీ తన అడ్మిషన్ల లెక్కలు పెట్టే పీడీఎఫ్ దొరుకుతుంది. సీ7 పట్టికలో ఏ అంశానికి ఎంత బరువు ఇస్తారో కాలేజీయే టిక్కు పెడుతుంది: పూర్వ విద్యార్థుల బంధుత్వం, ఇంటర్వ్యూ, కాలేజీ మీద చూపించిన ఆసక్తి. ఆసక్తి దగ్గర "కన్సిడర్డ్" అని ఉంటే వర్చువల్ సెషన్లకి పేరు నమోదు చేసి వెళ్లాలి, వాళ్ల ఈమెయిళ్లు తెరవాలి. అవి తెరిచారో లేదో సాఫ్ట్‌వేర్‌లో కనిపిస్తుంది. సీ21లో ఈడీకి ఎంతమంది వేశారు, ఎంతమందికి వచ్చింది ఉంటుంది. సీ1 మొత్తంలోంచి దాన్ని తీసేస్తే రెగ్యులర్ శాతం వస్తుంది. ఈడీ శాతం మూడు రెట్లు కనిపించినా మీకు మూడు రెట్లు కాదు, అందులో ఆటగాళ్లూ లెగసీ పిల్లలూ (పూర్వ విద్యార్థుల పిల్లలు) కలిసి ఉన్నారు. ఎంఐటీ, కాల్‌టెక్, జాన్స్ హాప్కిన్స్, ఆమ్‌హర్స్ట్ లెగసీ చూడవు. అలాంటి చోట కనీసం ఆ ఒక్క తలుపు అందరికీ ఒకేలా ఉంటుంది.

డబ్బు విషయంలో హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ వీసా) మీదున్న పిల్లలకి ఒక హెచ్చరిక. పదేళ్లు ఇక్కడే చదివినా, గ్రీన్‌కార్డ్ క్యూలో ఉన్నంతకాలం ఎఫ్ఏఎఫ్ఎస్ఏ ఫారంతో వచ్చే ప్రభుత్వ సాయానికి అర్హత లేదు, చాలా ప్రైవేట్ కాలేజీలు ఆర్థిక సాయం దగ్గర అంతర్జాతీయ విద్యార్థిగానే చూస్తాయి. అంతర్జాతీయ పిల్లల దగ్గర కూడా సాయం అడిగినందుకు వెనక్కి నెట్టని కాలేజీలు కొన్నే: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్, డార్ట్‌మత్, బోడిన్ లాంటివి. మిగతాచోట్ల సాయం గడిలో టిక్కు పెట్టడమే ఫైలుకి బరువు. ఈడీ వేసే ముందు కాలేజీ వెబ్‌సైట్‌లో ఉండే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్‌లో అంకెలు వేసి చూసి, ఇమ్మిగ్రేషన్ స్టేటస్ సంగతి ఎయిడ్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి జవాబు దగ్గర పెట్టుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కకి రాదు.

ఇప్పుడు వెయిట్‌లిస్ట్. కన్సల్టెంట్‌కి కట్టకండి. బయటివాడెవడికీ ఆ జాబితా మీద చేయి ఉండదు. కోచ్‌లకి లంచాలిచ్చి పక్కదారిన సీట్లు ఇప్పించిన కన్సల్టెంట్ రిక్ సింగర్ కథ 2019లో బయటపడింది, అతనికి మూడున్నరేళ్ల జైలు పడింది. ఆ రెండు కాలేజీల కామన్ డేటా సెట్‌లో సీ2 చూడండి: ఎంతమందిని వెయిట్‌లిస్ట్‌లో పెట్టారు, ఎంతమంది ఉంటామన్నారు, చివరికి ఎంతమందికి ఇచ్చారు. మూడు నాలుగేళ్లవి తీయండి, ఒక ఏడాది రెండు వందలుంటే ఇంకో ఏడాది సున్నా ఉంటుంది. పోర్టల్‌లో "ఉంటాను" అని నొక్కాక అబ్బాయి చేత ఒక పేజీకి మించని ఉత్తరం రాయించండి. జనవరి తర్వాత కొత్తగా ఏం జరిగిందో, సీటిస్తే చేరతాడో లేదో, అంతే. రెండు కాలేజీలకీ "మీరే నా మొదటి కోరిక" అని రాయకూడదు, కౌన్సెలర్ దగ్గర అది తెలిసిపోతుంది.

మే 1లోపు రాష్ట్ర యూనివర్సిటీకి డిపాజిట్ కట్టేయండి. తర్వాత వెయిట్‌లిస్ట్ కదిలితే పోయేది ఆ డిపాజిటే. ఫోన్ వస్తే జవాబుకి కొద్ది రోజులే ఇస్తారు, అప్పటికి సాయం ఎంతన్నది రాతలో అడగండి. వెయిట్‌లిస్ట్ సీటు రాకపోతే, రాష్ట్ర యూనివర్సిటీ ఓరియెంటేషన్‌కి వెళ్లేలోపు లోపలి మేజర్ మార్పు నిబంధనల పేజీ చదివి, మొదటి సెమిస్టర్‌లో ఏ మ్యాథ్, ఏ ప్రోగ్రామింగ్ కోర్సు అడుగుతున్నారో రాసుకోండి. మార్పుకి అడిగే ఆ కోర్సుని ఏపీ క్రెడిట్‌తో దాటేయొచ్చా, అక్కడే గ్రేడ్ తెచ్చుకోవాలా అన్నది ముందే అడ్వైజర్‌ని అడగాలి. మనవాళ్లు తెలియక క్రెడిట్ తీసేసుకుని, చూపించడానికి గ్రేడ్ లేక ఇరుక్కునేది అక్కడే.